హద్దు మీరిన ఊపిరి

పదేళ్లు దాటిన డీజిల్ కారు. మొన్నటిదాకా ఫ్లైఓవర్ ఎక్కడానికే రొప్పిన బండి, ఇప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు ఆనగానే ముందుకు దూకుతోంది. సర్వీసింగ్ బాగా కుదిరిందని యజమాని సంతోషిస్తాడు. కొద్ది రోజులకే, ఏ ఘాట్ రోడ్డు మలుపులోనో, ఎదురుగా బస్సు వస్తుండగా లారీని దాటబోయినప్పుడో, డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజన్ లైటు వెలుగుతుంది. ఆ క్షణమే బండిలో సత్తువ జారిపోతుంది. ఎంత తొక్కినా ఊపు రాదు. ఎలాగో పక్కకు తీసి, తాళం కట్టేసి, మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగా నడుస్తుంది. పోయిందిలే అనుకుని అందరూ మళ్లీ దారిన పడతారు.

పోయింది లైటు మాత్రమే. దాన్ని వెలిగించిన లోపం అక్కడే ఉంది. ఇలాంటి బండిలో మొదట అనుమానించాల్సిన జబ్బు ఓవర్‌బూస్ట్. అంటే టర్బో ఉండాల్సిన ఒత్తిడిని మించి ఇంజన్‌లోకి గాలి కొట్టడం. స్కానర్ పెడితే చాలా బండ్లలో పి0234 అనే కోడు కనిపిస్తుంది. సత్తువ పోవడం ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీఎం) తీసుకున్న ముందుజాగ్రత్త. ఒత్తిడి హద్దు దాటిందని గమనించి, ఇంధనం తగ్గించి, ఇంజన్‌ను కాపాడింది. మెకానిక్కులు లింప్ మోడ్ అనేది దీన్నే. కాపాడేందుకు వచ్చిన ఆ హెచ్చరికను మనం తాళం తిప్పి నోరు నొక్కేస్తున్నాం. పాత టర్బో బండ్ల విషయంలో ఈ అలవాటు ఇంజన్లను మింగుతుంది, ఒక్కోసారి ప్రాణాల మీదికీ తెస్తుంది.

ఈ మాట ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. ఒక తరం డీజిల్ కార్లు సరిగ్గా ఈ జబ్బు వచ్చే వయసుకు చేరాయి. ఫియట్ రూపొందించిన 1,248 సీసీ మల్టీజెట్ ఇంజన్ 2007లో మారుతీ స్విఫ్ట్‌లోకి, 2008లో డిజైర్‌లోకి, టాటా ఇండికా విస్టాలోకి వచ్చింది. ఎన్నో కంపెనీల బండ్లలో కనిపించడంతో దానికి జాతీయ ఇంజన్ అన్న పేరే పడింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 నిబంధనలు అమల్లోకి రావడంతో మారుతీ డీజిల్ కార్లు మానేసింది. ఆ తొలి బండ్లు ఇప్పుడు రెండు దశాబ్దాలకు చేరువయ్యాయి. దీనికి తోడు, ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో విధించిన నిషేధాన్ని సుప్రీంకోర్టు 2018లో సమర్థించాక, అక్కడి పాత బండ్లు ఎన్‌వోసీలతో మిగతా రాష్ట్రాలకు తరలాయి. చవకగా వచ్చిందని కొన్న బండి టర్బో ఏ స్థితిలో ఉందో, దాని మీద ఎవరు ఏ చేయి వేశారో కొన్నవారికి తెలియదు.

టర్బో పని తీరు తెలిస్తే ప్రమాదం ఎంతటిదో అర్థమవుతుంది. ఇంజన్ నుంచి బయటికి పోయే పొగ వేగానికి ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని లాగి, నొక్కి, సిలిండర్లలోకి పంపుతుంది. ఎక్కువ గాలి వస్తే ఎక్కువ ఇంధనం మండించవచ్చు. ఎక్కువ మండితే ఎక్కువ పొగ. ఎక్కువ పొగ వస్తే చక్రం ఇంకా వేగంగా తిరుగుతుంది. ఈ వలయంలో ఎక్కడా తనంతట తాను ఆగే చోటు లేదు. అందుకే కారు టర్బోకు ఒక కళ్లెం ఉండాలి. ఓవర్‌బూస్ట్ అంటే ఆ కళ్లెం తెగడమే.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే టర్బో ఆలోచనకు పేటెంటు తీసుకున్నాడు. మామూలు జనం కొనే కారులోకి అది అమెరికాలో 1962లో వచ్చింది. ఆ తొలి బండ్లలో ఒకటైన ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్‌లో, ఇంజన్ లోపలి వేడిని తగ్గించేందుకు నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని పోయాల్సి వచ్చేది. ఆ ద్రవం అయిపోతే బూస్ట్ తగ్గిపోయే ఏర్పాటు కూడా అందులోనే పెట్టారు. యజమాని మరచిపోతాడని, మరచిపోయినా ఇంజన్ బతకాలని ఆనాటి ఇంజనీర్లు ముందే తలచారు. అరవై ఏళ్ల తరువాత మనం అలాంటి ఏర్పాటు తనపని తాను చేస్తుంటే, దాన్ని బండికి పట్టిన జబ్బుగా చూస్తున్నాం.

చిన్న కారు టర్బో ఇరుసు పూర్తి వేగంలో నిమిషానికి లక్షన్నర చుట్లు దాటి తిరుగుతుంది. చాలా పాత బండ్లలో దాన్ని మోసేది బాల్ బేరింగు కాదు, పల్చటి ఆయిల్ పొర. తిరిగే చక్రం మీద పడే లాగుడు వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం పది శాతం పెరిగితే లాగుడు ఇరవై ఒక్క శాతం పెరుగుతుందన్నమాట. డ్రైవరుకు కాస్త మంచి పికప్‌లా తోచింది ఆ చిన్న లోహపు రెక్కలకు విరిగే అంచు కావచ్చు. రెక్క ఒక్కటి విరిగినా ఇరుసు తూకం తప్పుతుంది, ఆయిల్ పొర చెదురుతుంది, సీళ్లు పోతాయి. విరిగిన ముక్కలు గాలి పైపులో పడి సిలిండరు దాకా వెళ్లొచ్చు.

ఇంజన్‌కు జరిగే నష్టం వేరే. డీజిల్ ఇంజన్‌లో సిలిండరు లోపలి ఒత్తిడి పెరిగి హెడ్ గ్యాస్కెట్ పోతుంది, కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి, ఇంటర్‌కూలర్ పైపులు ఊడిపోతాయి. పెట్రోల్ టర్బో అయితే ఇంకా తొందరగా చెడుతుంది. అతిగా నొక్కుకుపోయిన మిశ్రమం స్పార్క్ కోసం ఆగకుండా వేడికే అంటుకుంటుంది. లోపల సుత్తితో కొట్టినట్టు టకటకమంటుంది. ఆ చప్పుడును పట్టించుకోకుండా బండిని బరువు మీద లాగిస్తే పిస్టన్ నెత్తిన చిల్లు పడటానికి ఎంతో సేపు పట్టదు.

అన్నిటికంటే భయంకరమైనది డీజిల్ ఇంజన్ అదుపు తప్పడం. టర్బో సీళ్లు పోయాక ఇంజన్ ఆయిల్ గాలి దారిలోకి కారుతుంది. డీజిల్ ఇంజన్‌కు మంట పుట్టించే స్పార్క్ అక్కర్లేదు. దానికి ఆ ఆయిలే ఇంధనమైపోతుంది. తాళం తీసి చేతిలో పట్టుకున్నా ఇంజన్ ఆగదు. తన ఆయిల్ తానే తాగుతూ, తెల్లటి, నీలి పొగ గుమ్మరిస్తూ, బద్దలయ్యేదాకా వేగం పెంచుకుంటూ పోతుంది. ఆ ఆయిల్ ఎర్రగా కాలిన టర్బో మీద పడితే మంటలు. గేర్ల బండిలో డ్రైవరు చేతిలో ఉన్న దారి ఇది. బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, పై గేరు వేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలి ఇంజన్‌ను ఆపెయ్యాలి. అది కుదరకపోతే బండిని వదిలి, లోపలివాళ్లను దించి, దూరంగా తీసుకెళ్లాలి. గాలి పైపుకు చెయ్యి అడ్డం పెట్టే సాహసం ఎవరూ, ఎప్పుడూ చేయకూడదు.

ఇంత పెద్ద అనర్థానికి మూలం చాలాసార్లు చిటికెన వేలంత లావు రబ్బరు పైపు. పాత బండ్లలో ఎక్కువగా ఉండే వేస్ట్‌గేట్ రకం టర్బోను చూడండి. టర్బో పక్కన ఒక చిన్న తలుపు ఉంటుంది. దాన్ని తెరిచే యాక్చువేటర్ అనే డబ్బాలో ఒక పలచటి పొర, ఒక స్ప్రింగు. గాలి ఒత్తిడి పెరిగితే అదే ఒత్తిడి ఈ పైపు గుండా డబ్బాలోకి వచ్చి, రాడ్డును నెట్టి, తలుపు తీస్తుంది. పొగలో కొంత చక్రాన్ని తప్పించుకుని బయటికి పోతుంది. పైపు ఊడినా, ఎండి పగిలినా, లోపలి పొర చిరిగినా తలుపు తెరుచుకోదు. తలుపు ఇరుసు తుప్పు పట్టి, మసి పేరుకుని బిగుసుకున్నా అంతే. బానెట్ కింద వేడికి పదేళ్లు కాగిన రబ్బరు పగలడంలో వింత లేదు. వానాకాలంలో వెచ్చదనం కోసం ఇంజన్‌లో చేరే ఎలుకలు కొరికేదీ ఈ పైపులనే.

ఇక్కడే అనుభవం ఉన్న చేతులు కూడా పొరబడతాయి. 90 హార్స్‌పవర్ మల్టీజెట్ లాంటి ఇంజన్లలో వేస్ట్‌గేట్ ఉండదు. చక్రం చుట్టూ కదిలే రెక్కలుంటాయి. ఈ రకం టర్బోల్లో చాలావాటికి వాక్యూమ్ లాగితే రెక్కలు మూసుకుని బూస్ట్ పెరుగుతుంది, వాక్యూమ్ లేకపోతే తెరుచుకుని తగ్గుతుంది. అంటే పైపు చిరిగితే ఈ బండి నీరసిస్తుంది. అదే వేస్ట్‌గేట్ బండిలో పైపు చిరిగితే రెచ్చిపోతుంది. ఒకే లోపం, రెండు బండ్లలో రెండు వ్యతిరేక లక్షణాలు. రెక్కల టర్బోలో ఓవర్‌బూస్ట్ వస్తే మొదట అనుమానించాల్సింది మసిని. ఊరి వీధుల్లో, తక్కువ వేగంతో, చిన్న చిన్న దూరాలు తిరిగిన బండిలో మసి రెక్కల మధ్య గట్టిపడి వాటిని మూసిన స్థితిలోనే పట్టేస్తుంది. ఏ రకం టర్బోనో తెలుసుకోకుండా పైపు పీకి చూసే మరమ్మతు చీకట్లో బాణమే.

మిగిలిన కారణాలూ ఉన్నాయి. బూస్ట్‌ను నడిపే సోలినాయిడ్ వాల్వు మూసుకుపోవచ్చు. ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సరు మసి, ఆయిల్ పట్టి తప్పు లెక్క చెప్పొచ్చు. పికప్ కోసమని కెటలిటిక్ కన్వర్టర్ పీకేసి సైలెన్సర్‌ను ఖాళీ గొట్టం చేస్తే, వేస్ట్‌గేట్ వదిలిపెట్టగలిగిన దానికంటే ఎక్కువ పొగ చక్రం మీదికి మళ్లి బూస్ట్ పాకుతూ పెరుగుతుంది. వీటికి తోడు మనుషులు చేతులారా చేసేవి: ఈసీఎం ప్రోగ్రామును మార్చే రిమ్యాపింగ్, సెన్సరును మోసగించే పెట్టెలు, యాక్చువేటర్ రాడ్డు నట్టు తిప్పి బిగించడం. కొత్త ఇంజన్ ఈ మోటుతనాన్ని కొంతకాలం భరించవచ్చు. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన ఇంజన్‌ను అలా గుంజడం, గుండె జబ్బు మనిషిని పరుగు పందెంలో నిలబెట్టడం లాంటిది.

షెడ్లలో నిత్యం వినిపించే మాట ఒకటుంది. "అన్నా, ఆ లైటు ఒక్కటి ఆర్పేయ్, చాలు." స్కానర్ తగిలించి కోడు చెరిపేస్తారు. లైటు ఆరుతుంది. దాంతోపాటు సాక్ష్యమూ చెరిగిపోతుంది. లోపం తలెత్తిన క్షణంలో ఇంజన్ ఎన్ని చుట్ల మీద ఉంది, ఎంత బరువు లాగుతోంది, ఎంత వేడెక్కింది అన్న లెక్కలను ఈసీఎం దాచి ఉంచుతుంది. కోడు చెరిపితే అవీ పోతాయి. నేరం జరిగిన గదిని కడిగేసి నేరస్తుణ్ని వెతికినట్టవుతుంది. దీనికి సరిగ్గా ఎదురు కొసన ఇంకో తప్పు ఉంది. ఏమీ పరీక్షించకుండానే టర్బో పోయిందని తేల్చి, వేలకు వేలు పోయించి మార్చేయడం. అసలు లోపం పగిలిన పైపులోనో, సోలినాయిడ్‌లోనో ఉంటే కొత్త టర్బో కూడా పాతదాని దారే పడుతుంది. వెతకకపోవడమే ఈ రెండు తప్పుల్లోనూ ఉన్న అసలు తప్పు.

వెతకడానికి ఒక వరుస ఉంది. ఖర్చు లేనిదానితో మొదలుపెట్టి ఖర్చయ్యేదాని వైపు పోవాలి. కోడు చెరపకముందే దాంతో ఉన్న లెక్కలన్నీ రాసుకోవాలి. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, మ్యాప్ సెన్సరు ఏం చెబుతోందో చూడాలి. ఇంజన్ తిరగనప్పుడు అది బయటి గాలి ఒత్తిడినే చూపాలి. సముద్రమట్టాన ఉన్న విశాఖలో సుమారు 101 కిలోపాస్కల్స్, ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో సుమారు 95. అందుకు బాగా దూరంగా ఉంటే అబద్ధం చెబుతున్నది టర్బో కాదు, సెన్సరు. ఇది రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

తరువాత ఇంజన్ చల్లారాక ప్రతి పైపునూ కంటితోనూ చేత్తోనూ చూడాలి. వంచి చూస్తేనే బయటపడే పగుళ్లుంటాయి. చేతికందిన ప్లాస్టిక్ ముక్కతో అతుకు వేయకుండా వేడిని తట్టుకునే పైపే వేయాలి. చేతి పంపుతో యాక్చువేటర్‌కు ఒత్తిడి ఇవ్వాలి, వాక్యూమ్ రకమైతే వాక్యూమ్ లాగాలి. రాడ్డు పట్టేయకుండా సాఫీగా కదలాలి, పంపు ముల్లు పడిపోకుండా నిలవాలి, వదలగానే రాడ్డు వెనక్కి రావాలి. ముల్లు పడిపోతే పొర చిరిగింది. రాడ్డు పట్టేస్తే తలుపు గానీ రెక్కలు గానీ బిగుసుకున్నాయి. ఆ తరువాత సోలినాయిడ్. ఇవన్నీ సరిగా ఉన్నాకే రోడ్డు మీద పరీక్ష. ఈసీఎం అడిగిన బూస్ట్ ఎంత, వచ్చిన బూస్ట్ ఎంత అన్నది స్కానర్‌లో పక్కపక్కన చూడాలి. గేరు మారినప్పుడు క్షణంపాటు కాస్త మించడం మామూలే. మించి అక్కడే నిలిస్తే జబ్బు. నడిపేవారు రోడ్డును చూడాలి, అంకెలు చూడటానికి పక్కన ఇంకొకరుండాలి. సెన్సరు మీద ఇంకా అనుమానముంటే విడిగా ఒక మామూలు ప్రెషర్ గేజి తగిలించి సరిపోల్చాలి. టర్బోను విప్పడం ఈ వరుసలో చివరిది. విప్పాక మసి తీస్తే సరిపోతుందా, మార్చాలా అన్నది అప్పుడు తేలుతుంది. మార్చాల్సి వస్తే ఆయిల్ వచ్చే పైపును, ఇంటర్‌కూలర్‌లో నిలిచిన ఆయిల్‌ను శుభ్రం చేయకుండా కొత్తది బిగించకూడదు.

ఇదంతా రాసినంత సులువు కాదని మాకు తెలుసు. బండి ఒక పూట ఆగితే ఆ పూట కిరాయి పోయే ట్యాక్సీ డ్రైవరున్నాడు. షోరూం లెక్కలు భరించలేక వీధి షెడ్డుకు వచ్చే మధ్యతరగతి యజమాని ఉన్నాడు. కార్బురేటర్ రోజుల్లో చేతి నైపుణ్యంతో పని నేర్చుకుని, ఈసీఎం బండ్లకు ఎవరూ నేర్పకుండానే చెయ్యి వేయాల్సి వచ్చిన మెకానిక్ ఉన్నాడు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పేరెన్నికగన్న చేతులెన్నో ఉన్నాయి. వాటికి కొరవడింది సమాచారం. ఏ మోడల్‌కు ఎంత బూస్ట్ ఉండాలి, యాక్చువేటర్ ఎంత ఒత్తిడికి కదలాలి అన్న అంకెలు బయటి మెకానిక్‌కు అందడం కష్టం. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెచ్చింది. అందులో చేర్చిన నాలుగు రంగాల్లో వాహన రంగం ఒకటి. అమ్మకం ఆపేసిన పాత మోడళ్ల మరమ్మతు పుస్తకాలను కంపెనీలు అక్కడ పూర్తిగా అందుబాటులో ఉంచాలి. తయారీ మానేసినంత మాత్రాన రోడ్డు మీదున్న బండి బాధ్యత తీరిపోదు.

ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది. పదిహేనేళ్లు నిండిన సొంత కారు రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ఫిట్‌నెస్ చూపించాలి. బ్రేకులు, లైట్లు, పొగ చూస్తారు. డీజిల్ బండి పొగ పరీక్షను న్యూట్రల్‌లో నిలబెట్టి, ఇంజన్ రేజ్ చేసి ముగిస్తారు. బరువు లేని ఇంజన్‌లో టర్బో పూర్తి ఒత్తిడి పుట్టించదు. అందువల్ల ఓవర్‌బూస్ట్ ఆ పరీక్షలో బయటపడదు. టర్బో బండ్లకు స్కానర్ తగిలించి, దాగి ఉన్న కోడ్లు చదవడాన్ని ఫిట్‌నెస్‌లో భాగం చేయాలి. ఐటీఐల్లో మోటార్ వెహికల్, డీజిల్ మెకానిక్ కోర్సులు చదివే పిల్లలకు చేతి పంపు, ప్రెషర్ గేజి, స్కానర్ చేతికిచ్చి టర్బో పరీక్ష నేర్పాలి. అనుమతి లేని మార్పుల మీద చట్టం ఇప్పటికే కఠినంగా ఉంది. 2019 సవరణ తరువాత అలాంటి మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ నిబంధన టింటెడ్ అద్దాల దగ్గర, చప్పుడు సైలెన్సర్ల దగ్గర ఆగిపోకూడదు. కన్వర్టర్లు పీకే షెడ్ల దాకా వెళ్లాలి.

ఇక యజమానులు, డ్రైవర్లు. కొనేముందు పాత టర్బో బండిని పూర్తి బరువు మీద, ఎత్తు ఎక్కించి చూడండి. పక్కన తెలిసిన మెకానిక్ స్కానర్‌తో కూర్చోవాలి. అమ్మేవారు ఈ మధ్యే కోడ్లు చెరిపించారా అన్నది కూడా అందులో చాలావరకు తెలుస్తుంది. ఆయిల్ వేళకు మార్చండి. బండికి కారణం లేకుండా బలం వచ్చిందంటే సంతోషించకండి, చూపించండి. పికప్ పెరగడం, ఈల లాంటి కొత్త చప్పుడు, ఎత్తులో కుదుపు, నీలి పొగ, ఆయిల్ తరగడం, వీటిలో ఏది కనిపించినా వాయిదా వేయకండి. లింప్ మోడ్‌లోకి పోయిన బండిని తాళం తిప్పి మళ్లీ అదే జోరున తోలకండి. ఓవర్‌టేక్‌లు మాని, మెల్లగా దగ్గరలోని షెడ్డుకు చేర్చండి.

వేసవి సెలవుల్లో ఏడుగురు, నెత్తిన సామాను, నిండుగా ఏసీతో పాత బండ్లు శ్రీశైలానికి, మారేడుమిల్లికి బయల్దేరతాయి. టర్బోను నిజంగా పరీక్షించేది ఆ ఘాట్లే. మూడో గేరులో, పూర్తి బరువు మీద, ఒక పక్క లోయ, ఎదురుగా దిగివచ్చే బస్సు. కళ్లెం తెగిన టర్బో బయటపడేది అక్కడే, ఈసీఎం ఇంధనం కోసేదీ అక్కడే. కొన్ని వందల రూపాయల పైపును ఊళ్లోనే చూసుకునే తీరిక దొరకలేదన్న సాకు ఆ మలుపులో ఎవరికీ అక్కరకు రాదు. బయల్దేరే ముందు రోజు లైటు ఒక్కసారి వెలిగి ఆరిపోయి ఉంటే, ప్రయాణం ఒక రోజు వెనక్కి జరపండి.